ఫిరౌనుల సమాధుల నుండి మన ఖబరస్తాన్ దాకా



ప్రతి ఏటా ఈ సంచికలో మన సంఘం చేసిన పనులూ జమాఖర్చులూ దాతల ముందు ఉంచడం ఆనవాయితీ. ఆ వివరాలు వేరే పేజీలలో ఉన్నాయి. ఈ వ్యాసంలో ఒక ప్రయాణం గురించి చెప్పదలచుకున్నాం. ఉమ్రా ముగించుకుని వస్తూ మా సంఘ సభ్యులం కొందరం సొంత ఖర్చుతో ఈజిప్టులో దిగాం. కైరో, గీజా, సఖ్ఖారా, లక్సర్ చూశాం. ఉమ్రా తర్వాత ఆ దేశం చూసి రావాలనుకునే కుటుంబాలు మన ఊళ్లో ఇప్పుడు పెరుగుతున్నాయి. ఏం చూడాలి, ఎలా చూడాలి, అసలు చూడవచ్చా అని చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు. వారికి ఇది జవాబు. మన జనాజా నిధి గురించి కిందటి సర్వసభ్య సమావేశంలో ఒక ప్రశ్న వచ్చింది. దానికి మాకు దొరికిన సమాధానం కూడా ఇందులోనే ఉంది. అది చివరలో చెబుతాం.

చూడవచ్చా?

జిద్దాలో విమానం ఎక్కకముందే మాలో చర్చ మొదలైంది. తవాఫ్ చేసిన కాళ్లతో ఫిరౌను సమాధులకు వెళ్లడమేమిటని మా బృందంలోని పెద్దాయన ఒకరు నొచ్చుకున్నారు. మాతో ఉన్న మౌలానా సాహెబ్ ఓపికగా వివరించారు. భూమిపై సంచరించి, మనకు పూర్వం గడచిన జాతుల ముగింపు ఏమైందో చూడమని దివ్య ఖుర్ఆన్ పలు చోట్ల చెబుతుంది. దైవప్రవక్త (స) మొదట సమాధుల సందర్శనను వారించినా, పరలోకాన్ని గుర్తు చేస్తుంది గనుక తర్వాత దానికి అనుమతి ఇచ్చారు. అయితే సమూదు జాతి నివసించిన హిజ్ర్ ప్రాంతం గుండా వెళ్లేటప్పుడు భయభక్తులతో, కన్నీటితో తప్ప అక్కడ అడుగు పెట్టవద్దని సహాబాలను హెచ్చరించారు కూడా. కనుక వెళ్లేవారి మనసును బట్టి ఉంటుంది. వినోదం కోసమైతే వద్దు, ఇబ్రత్ కోసమైతే వెళ్లండి అన్నది మౌలానా గారి మాట.

ఆయన ఇంకో సంగతి గుర్తు చేశారు. ఒక యూదుని జనాజా వెళ్తుంటే దైవప్రవక్త (స) లేచి నిలబడ్డారు. అది యూదునిది కదా అని ఎవరో అంటే, అతనిదీ ఒక ప్రాణమే కదా అన్న అర్థం వచ్చేలా బదులిచ్చారు. అక్కడ పడుకున్నవారి విశ్వాసం ఏదైనా, దేహం మనిషిదే. ఈ మాట మాకు ప్రయాణమంతా పనికొచ్చింది.

చాలామంది మనసులో ఉండే మరో ప్రశ్న: మూసా (అలైహిస్సలాం) కాలపు ఫిరౌను ఎవరు? మునిగిపోయిన ఫిరౌను దేహాన్ని తర్వాతివారికి సూచనగా నిలిపిన సంగతి యూనుస్ సూరాలో ఉంది. కానీ ఖుర్ఆన్ ఆ రాజు పేరు చెప్పలేదు. ఫిరౌను అన్నది ఒక వ్యక్తి పేరు కాదు, మన నిజాం లాగా బిరుదు. కొందరు గైడ్లు రెండవ రామ్సెస్‌నో, అతని కొడుకు మెర్నెప్తానో చూపించి ఇతనే అని ఖాయంగా చెప్పేస్తారు. ఖుర్ఆన్ చెప్పనిదాన్ని మనం గైడు మాటతో ఖాయం చేసుకోనక్కర్లేదు. పిరమిడ్లు కట్టించిన రాజులైతే రామ్సెస్ కంటే వెయ్యేళ్లకు పైగా ముందటివారు. ఆ కాలాలను కలగలపకుండా చూస్తే చూసినది అర్థమవుతుంది.

నైలుకు పడమట

నైలు నది దక్షిణం నుండి ఉత్తరానికి పారుతుంది. ప్రాచీనులు ఎక్కువగా నదికి తూర్పు ఒడ్డున బతికారు, పడమటి ఒడ్డున చనిపోయినవారిని ఉంచారు. సూర్యుడు అస్తమించే దిక్కు మృతుల దిక్కని వారి నమ్మకం. ఇంకో కారణం కూడా ఉంది. ఏటా వరద వచ్చే నల్లమట్టి పొలాలలో దేహం నిలవదు, పంట భూమీ వృథా అవుతుంది. పొలాలు దాటితే ఎడారి. అక్కడి పొడి ఇసుకలో పాతిపెట్టిన దేహం తడి ఆరిపోయి కుళ్లకుండా ఉండిపోయేది. దేహం నిలిస్తేనే పరలోక జీవితం అన్న వారి నమ్మకానికి ఈ ఇసుక బలం ఇచ్చింది. తర్వాత ఆ పనిని ఇసుకకు వదలకుండా మనుషులే చేపట్టారు. లోపలి అవయవాలు తీసి, నాట్రాన్ అనే ఉప్పులో దేహాన్ని ఆరబెట్టి, నార బట్టల పట్టీలు చుట్టేవారు.

'మమ్మీ' అన్న మాట వెనుక కథ మన ఇళ్లలో కూడా ఉంది. మైనానికి ఫార్సీలో 'మోమ్' అంటారు. మనం మోంబత్తీ అంటున్నది అదే. దాని నుండి వచ్చిన 'మూమియా' అన్న మాట నల్లటి తారు వంటి ఒక మందుకు పేరు. ఈజిప్టు మృతదేహాలపై నల్లగా గట్టిపడిన పూతను చూసి, అదీ ఆ మందే అనుకుని ఆ దేహాలనే మూమియా అన్నారు. ఆ పొరపాటు ఎంత దూరం వెళ్లిందంటే, యూరప్‌లో కొన్ని శతాబ్దాల పాటు మమ్మీలను పొడి చేసి మందుగా అమ్మారు, రంగులలో కలిపారు. తమ దేహాలు కలకాలం నిలవాలని రాజులూ రాణులూ పడిన తాపత్రయానికి ఆ గతి కూడా పట్టింది.

గీజా: రాళ్ల గుట్టలో ఖాళీ పెట్టె

కైరో నగరం అంచునే గీజా ఉంది. అక్కడి పెద్ద పిరమిడ్‌ను సుమారు 4,500 ఏళ్ల క్రితం ఖుఫూ అనే రాజు తన సమాధిగా కట్టించాడు. కట్టినప్పుడు ఎత్తు దాదాపు 146 మీటర్లు, ఒక్కో పక్క పొడవు దాదాపు 230 మీటర్లు. సుమారు 23 లక్షల రాతిదిమ్మెలు పట్టాయని లెక్క కట్టారు. ఇప్పుడు సందర్శకులు లోపలికి వెళ్లే దారిని మామూన్ సొరంగం అంటారు. హిజ్రీ మూడో శతాబ్దం మొదట్లో, అంటే క్రీ.శ. 832లో ఈజిప్టు వచ్చిన అబ్బాసీ ఖలీఫా మామూన్ నిధి కోసం దాన్ని తవ్వించాడని చెబుతారు.

మేము లోపలికి వెళ్లాం. మొదట వంగి నడవాలి. తర్వాత ఏటవాలు దారిలో చెక్క మెట్లపై పైకి ఎక్కాలి. గాలి ఆడదు, ఉక్కపోత. చివర గ్రానైటు గది. గోడల మీద ఒక్క అక్షరం లేదు, ఒక్క బొమ్మ లేదు. ఒక మూలన మూత లేని రాతి శవపేటిక, అదీ ఖాళీ. ఖుఫూ దేహం ఇంతవరకు ఎక్కడా దొరకలేదు. నొచ్చుకున్న మా పెద్దాయన మోకాళ్లు పట్టుకుని ఆ పెట్టె వైపు చాలాసేపు చూశారు. బయటికి వచ్చాక, "ఇంత కట్టి ఆయన దక్కించుకున్నది ఏమీ లేదే" అన్నారు. ఆ తర్వాత ఆయన ఎక్కడికి వెళ్దామన్నా కాదనలేదు.

మూడో పిరమిడ్, అంటే మెంకౌరే పిరమిడ్ ఉత్తరం పక్కన నిలువునా ఒక పెద్ద గాటు కనిపిస్తుంది. సలాహుద్దీన్ అయ్యూబీ కుమారుడు సుల్తాన్ అజీజ్ ఉస్మాన్ 1196లో పిరమిడ్లను కూలగొట్టించబోయిన గుర్తు అది. పనివాళ్లు నెలల తరబడి శ్రమించి, రోజుకు ఒకటి రెండు రాళ్లకు మించి ఊడదీయలేక వదిలేశారు. ఆ తర్వాత కొద్ది కాలానికే అక్కడికి వచ్చిన బగ్దాదు వైద్యుడు అబ్దుల్ లతీఫ్ ఈ సంగతి రాసిపెట్టాడు. పిరమిడ్లను కొలిచి, మమ్మీలను పరిశీలించి ఆయన రాసిన గ్రంథం పేరులో 'ఇఅతిబార్' అన్న మాట ఉంది. మనం ఇబ్రత్ అనే మాటకు అది చుట్టం. కూలగొట్టబోయిన ముస్లిం సుల్తాను గురించీ, చూసి రాసి గుణపాఠం తీసుకోమన్న ముస్లిం పండితుని గురించీ మనం ఒకే చోట తెలుసుకోవచ్చు.

గీజాలో ఎక్కువమంది చూడకుండా వచ్చేసే సమాధులు పనివాళ్లవి. 1990లో ఒక గుర్రం కాలు ఒక పాత ఇటుక గోడకు తట్టుకోవడంతో అవి బయటపడ్డాయి. పిరమిడ్ కట్టిన రాళ్లపనివారు, వారిపై మేస్త్రీలు అక్కడ ఉన్నారు. ఆ ఎముకలు పరీక్షిస్తే బరువులు మోసి అరిగిన వెన్నులు, విరిగి మళ్లీ సరిగా అతుక్కున్న చేతులు కనిపించాయి. అంటే గాయపడినవారికి కట్టు కట్టి చూసుకున్నవారున్నారు. చచ్చిపోతే రాజు సమాధి నీడలోనే చోటిచ్చారు. కొరడా దెబ్బలు తింటూ బానిసలు కట్టారని సినిమాలలో చూసిన కథను ఆ చిన్న సమాధులు మార్చేశాయి.

సఖ్ఖారా: మెట్ల పిరమిడ్, అరుగు సమాధులు

గీజాకు దక్షిణంగా గంటలోపు ప్రయాణంలో సఖ్ఖారా వస్తుంది. జోసెర్ రాజు కోసం ఇమ్హోతెప్ అనే మంత్రి కట్టిన మెట్ల పిరమిడ్ ఇక్కడుంది. దాదాపు 62 మీటర్ల ఎత్తు, ఆరు అంతస్తులు. గీజా పిరమిడ్ల కన్నా ఇది పాతది. చాలా ఏళ్ల మరమ్మతుల తర్వాత 2020లో దీని లోపలి భాగాన్ని మళ్లీ తెరిచారు.

అంతకుముందు రాజులకూ, తర్వాత కూడా ఉద్యోగులకూ కట్టినవి చదునైన సమాధులు. చూడటానికి ఇంటి ముందు అరుగులా ఉంటాయి గనుక అక్కడి పనివారు వాటిని 'మస్తబా' అన్నారు. అరబీలో మస్తబా అంటే అరుగే. మెరెరూకా అనే మంత్రి మస్తబాలో ముప్పైకి పైగా గదులున్నాయి. గోడల మీద చేపలు పట్టేవారు, ఆవులను నది దాటించేవారు, పన్ను ఎగ్గొట్టి దెబ్బలు తినేవారు, కంసాలులు చెక్కి ఉన్నారు. మన పల్లెలో సంత రోజు గుర్తొస్తుంది. రాజు కంటే సామాన్యుడి బతుకు తెలుసుకోవాలనుకునేవారు సఖ్ఖారాకు ఒక పూట తప్పక కేటాయించండి. పిల్లలకు కూడా ఇదే నచ్చుతుంది.

లక్సర్: దాచినా దక్కలేదు

కైరో నుండి లక్సర్ దాదాపు 650 కిలోమీటర్లు. రైలులో రాత్రంతా పడుతుంది, విమానంలో గంట. పిరమిడ్ అంటే దొంగలకు దూరం నుండే దారి చూపే గుర్తు. అది అర్థమైన తర్వాతి రాజులు తమ సమాధులను లక్సర్‌కు ఎదురుగా, పడమటి కొండల మధ్య, ఒక ఎండు లోయలో రాతిని తొలిచి దాచుకున్నారు. దాన్నే రాజుల లోయ అంటారు. 60కి పైగా సమాధులు, గుంతలు అక్కడ లెక్కకెక్కాయి. మామూలు టికెట్టుతో మూడు సమాధులు చూడవచ్చు. తూతన్‌ఖామున్, మొదటి సేతీ వంటి కొన్నిటికి వేరే టికెట్టు కావాలి.

దాచినా దక్కలేదు. తొమ్మిదవ రామ్సెస్ కాలంలో, అంటే మూడు వేల ఏళ్లకు పైగా క్రితమే, సమాధుల దొంగలను పట్టుకుని విచారించిన కాగితాలు నేటికీ ఉన్నాయి. వారిలో రాళ్లపని చేసేవారే ఉన్నారు. సమాధి ఎలా తొలిచారో తెలిసినవారికి ఎలా తెరవాలో కూడా తెలుసు.

ఆ పనివాళ్ల ఊరు లోయ పక్కనే ఉంది. దాని ఇప్పటి పేరు దైర్ అల్ మదీనా. చిన్న చిన్న ఇళ్ల పునాదులు, పక్కనే వారు తమ కోసం తొలుచుకున్న రంగురంగుల సమాధులు. మూడవ రామ్సెస్ పాలన 29వ ఏట ఇక్కడివారికి రేషను ధాన్యం సమయానికి అందలేదు. ఆకలేస్తోందని పని ఆపి, గుళ్ల దగ్గరకు వెళ్లి బైఠాయించారు. రాతలో నమోదైన మొదటి సమ్మె ఇదేనని చరిత్రకారులు చెబుతారు. చెమట ఆరకముందే కూలివాని కూలి చెల్లించాలన్న దైవప్రవక్త (స) బోధ తెలిసిన మనం ఆ ఇళ్ల మధ్య నిలబడితే, గొప్ప సమాధుల వెనుక ఎవరి కడుపు కాలిందో తెలుస్తుంది.

తూతన్‌ఖామున్ సమాధి మొదటి మెట్టు 1922 నవంబరు 4న బయటపడింది. అందులో దొరికిన అయిదు వేలకు పైగా వస్తువులు ఇప్పుడు గీజా దగ్గర 2025 నవంబరులో ప్రారంభమైన కొత్త మ్యూజియానికి చేరాయి. పందొమ్మిదేళ్ల ప్రాయంలో పోయిన ఆ రాజు దేహం మాత్రం సమాధిలోనే అద్దాల పెట్టెలో ఉంది. జనం బంగారు ముసుగు గురించి మాట్లాడుకుంటారు. జిగురుకు అతుక్కుపోయిన ఆ ముసుగును, నగలను తీయడానికి 1925లో ఆ దేహాన్ని ముక్కలు చేశారన్న సంగతి తక్కువమందికి తెలుసు. చనిపోయినవాని ఎముక విరవడం బతికి ఉన్నవాని ఎముక విరవడం వంటిదే అన్న హదీసు ఆ గదిలో మాకు గుర్తొచ్చింది.

కఫన్ మీద రాత

మా మనసులను మార్చిన సంగతి ఇక్కడ చెప్పాలి. లోయలోని సమాధులన్నీ దోపిడీకి గురవుతుంటే, సుమారు మూడు వేల ఏళ్ల క్రితం అక్కడి పూజారులు రాజుల దేహాలను ఒక్కొక్కటిగా బయటకు తెచ్చారు. దొంగలు చింపిన బట్టలు తీసి కొత్త బట్టలు చుట్టారు. దైర్ అల్ బహరీ కొండల్లో ఎవరికీ కనిపించని ఒక బావిలాంటి సమాధిలో వాటిని వరుసగా దాచారు. బంగారం చాలావరకు అప్పటికే పోయింది. శవపేటికలు కూడా కొన్ని ఒకరివి, దేహాలు మరొకరివి. అయినా ఆ పూజారులు ఒక పని శ్రద్ధగా చేశారు. ఇతను ఫలానా రాజు, ఫలానా ఏట ఫలానా చోటి నుండి తెచ్చి మళ్లీ చుట్టాం అని బట్టల మీద, పేటికల మీద సిరాతో రాశారు.

1870 ప్రాంతంలో ఖుర్నా గ్రామానికి చెందిన అబ్దుర్రసూల్ కుటుంబానికి ఆ చోటు కనబడింది. వారు గుట్టుగా ఒక్కో వస్తువు అమ్ముకుంటూ వచ్చారు. చివరికి 1881లో ఆ కుటుంబంలోని ఒకరే అధికారులకు చోటు చూపించారు. రెండవ రామ్సెస్, మొదటి సేతీ, మూడవ తుత్‌మోస్‌తో సహా 40కి పైగా దేహాలను పడవలోకి ఎక్కించి కైరోకు తీసుకెళ్లారు. పడవ వెళ్తుంటే ఒడ్డు వెంబడి పల్లెల ఆడవాళ్లు జుట్టు విరబోసుకుని ఏడ్చారు, మగవాళ్లు జనాజాకు చేసినట్టు తుపాకులు గాలిలోకి పేల్చారు. ఆ రాజులు వాళ్లకు ఏమీ కారు. అయినా సాగనంపారు.

ఈనాడు ఆ దేహాలు కైరోలోని ఫుస్తాత్ ప్రాంతంలో, ఈజిప్టు నాగరికత జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. 2021 ఏప్రిల్ 3న 18 మంది రాజులను, నలుగురు రాణులను ఊరేగింపుగా అక్కడికి తరలించారు. మసక వెలుతురు, నల్లటి గోడలు, ఫొటోలు తీయనివ్వరు, గట్టిగా మాట్లాడనివ్వరు. మా గైడును మేము అడిగాం: ఇన్ని చేతులు మారి, ఇన్ని పెట్టెలు మారి వచ్చిన ఈ దేహాలలో ఎవరు ఎవరో ఎలా తెలిసింది? ఆయన చెప్పిన జవాబు: చాలావరకు ఆ పూజారుల రాతల వల్లే. కొండంత పిరమిడ్ కట్టుకున్న ఖుఫూ దేహం లేదు. బట్ట మీద ఒక్క వరుస రాసి ఉన్నందుకు రామ్సెస్‌ను పేరుతో పిలవగలుగుతున్నారు.

ఈ మ్యూజియానికి దగ్గర్లోనే అమ్ర్ ఇబ్నుల్ ఆస్ (రజి) మసీదు ఉంది. ఆఫ్రికా ఖండంలో మొదటి మసీదు. మేము జుహర్ నమాజు అక్కడ చేసుకున్నాం.

ఇంత దూరం వెళ్లలేనివారు హైదరాబాదు వెళ్లినా ఒక మమ్మీని చూడవచ్చు. బాగె ఆమ్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఉన్న మమ్మీని ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ తెచ్చి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఇచ్చారు. నిజాం దాన్ని 1930లో మ్యూజియానికి ఇచ్చారు. ఒక రాకుమారిదని చెబుతారు. 2016లో దానికి మరమ్మతు చేశారు. పిల్లలను తీసుకెళ్లినప్పుడు, దెయ్యం కథలు చెప్పకుండా, ఒక అమ్మాయి తన ఊరికి ఎంతో దూరంలో పడుకుని ఉందని చెప్పండి.

ఖరాఫా: మనవారి సమాధులు

కైరో వెళ్లి ఫిరౌనులనే చూసి వచ్చేస్తే సగం చూసినట్టే. ముఖత్తమ్ కొండ కింద మైళ్ల పొడవున ఖరాఫా అనే ముస్లిం ఖబరస్తాన్ ఉంది. ఇబ్నె బతూతా 1326లో వచ్చినప్పుడు దీని గురించి రాశాడు. హిజ్రీ 204లో, అంటే క్రీ.శ. 820లో మరణించిన ఇమామ్ షాఫయీ (రహ్మతుల్లాహ్ అలైహి) సమాధి ఇక్కడే ఉంది. దానిపై గుమ్మటాన్ని 1211లో సుల్తాన్ కామిల్ కట్టించాడు. గుమ్మటం కొసన లోహంతో చేసిన చిన్న పడవ ఉంటుంది. పిట్టలకు గింజలు వేయడానికని చెబుతారు. సూఫీ జున్నూన్ మిస్రీ సమాధి కూడా ఇక్కడిదే. ఇల్లు లేని పేద కుటుంబాలు తరతరాలుగా ఇక్కడి సమాధుల ఆవరణలలో బతుకుతున్నాయి. దండెం మీద బట్టలు, సమాధి పక్కన పిల్లల చదువు. కొత్త రోడ్ల కోసం ఇటీవలి ఏళ్లలో ఇక్కడ పాత సమాధులు కొన్ని తొలగించారు. అక్కడ కెమెరా తీయడానికి మాకు చేయి రాలేదు. సలాం చెప్పి, దుఆ చేసి వచ్చేశాం.

వెళ్లేవారికి కొన్ని సూచనలు

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు వెళ్లడం మేలు. వేసవిలో లక్సర్ ఎండ మన రెంటచింతల ఎండను మరిపిస్తుంది. రాజుల లోయకు తెల్లవారగానే చేరుకోండి.

పిరమిడ్ లోపలికి వెళ్లాలంటే మోకాళ్లు, గుండె బాగుండాలి. ఆయాసం, రక్తపోటు ఉన్నవారు బయటి నుండి చూస్తే చాలు. లోపల ఖాళీ గది తప్ప మరేమీ లేదు.

సమాధి గోడలను తాకవద్దు. మన ఊపిరి, చెమటలోని తేమే ఆ రంగులకు చేటు. ఫ్లాష్ వెలిగించవద్దు. తూతన్‌ఖామున్ సమాధి దెబ్బతినకుండా అచ్చంగా దాని నకలును కూడా కట్టి, 2014 నుండి సందర్శకులకు చూపుతున్నారు.

చాలా చోట్ల టికెట్టుకు కార్డుతోనే చెల్లించాలి. చిల్లర నోట్లు మాత్రం దగ్గర ఉంచుకోండి. అక్కడ బక్షీష్ అన్న మాట మనకంటే ఎక్కువ వినిపిస్తుంది. ఒంటె ఎక్కేటప్పుడే కాదు, దిగడానికి కూడా బేరం ముందే మాట్లాడుకోండి.

పాత పూస, బట్ట ముక్క, ఎముక అంటూ ఎవరైనా అమ్మజూపితే కొనవద్దు. నకిలీ అయితే డబ్బు దండగ. నిజమైనదైతే 1983 నుండి అక్కడి చట్టం ప్రకారం నేరం. మాకూ ఒకతను గుడ్డ ముక్క చూపించాడు. ఎవరి కఫనో అనుకుని చేతులు వెనక్కి తీసుకున్నాం.

లక్సర్‌లో నమాజుకు అబుల్ హజ్జాజ్ మసీదుకు వెళ్లండి. ప్రాచీన దేవాలయం ఇసుకలో పూడిపోయి ఉన్న కాలంలో దాని పైన కట్టిన మసీదు అది. తర్వాత ఇసుక తవ్వేయడంతో స్తంభాల నడుమ ఎత్తున నిలిచిపోయింది. నేటికీ అయిదు పూటలా నమాజు జరుగుతుంది.

మన ఖబరస్తాన్

ఇప్పుడు ఆ ప్రశ్న సంగతి. కిందటి సమావేశంలో ఒక దాత సూటిగా అడిగారు: బతికి ఉన్నవారికే మందులకు, ఫీజులకు డబ్బు చాలడం లేదు, ఎవరూ రాని దిక్కులేని శవాలకు మనం ఎందుకు ఖర్చు పెట్టాలి? ఆ ప్రశ్న తప్పు కాదు. దాతకు అడిగే హక్కుంది. ఆరోజు మేము సవ్యంగా జవాబు చెప్పలేకపోయాం.

ఈజిప్టు చూశాక చెప్పగలం. చనిపోయినవారి కోసం ఒక రాజ్యం సంపదంతా కుమ్మరిస్తే ఏమవుతుందో గీజాలో చూశాం. మన ధర్మం దాన్ని కోరలేదు. స్నానం, సాదా తెల్లబట్ట, నమాజు, ఆరడుగుల నేల. పాదుషాకైనా పకీరుకైనా అంతే. ఆ కొంచెం మాత్రం ప్రతి మనిషికీ బతికున్నవారు బాకీ. ఎవరూ చేయకపోతే ఊరంతా దోషులవుతాం. గాయపడిన కూలివానికి కట్టు కట్టి, చచ్చిపోయాక చోటిచ్చిన ఆ ప్రాచీనుల కంటే మనం తక్కువ చేయకూడదు.

అయితే మా లోపం కూడా ఒకటి దాతల ముందు ఒప్పుకోవాలి. ఆ సమావేశానికి ముందు ఒక తల్లి పొరుగు జిల్లా నుండి వచ్చింది. చేతిలో కొడుకు ఫొటో. పని వెతుక్కుంటూ వచ్చి కనబడకుండా పోయాడు. మేము ఖననం చేసిన వారిలో అతనూ ఉన్నాడేమోనని పోలీసులు పంపారు. మా రిజిస్టరు తీశాం. తేదీ, 'గుర్తు తెలియని పురుషుడు', ఖర్చు. అంతే. ఎత్తు లేదు, ఒంటి మీది మచ్చ లేదు, చొక్కా రంగు లేదు, ఏ వరుసలో ఎన్నో సమాధో లేదు. కఫన్ బట్టకు ఎంతయిందో రాసుకున్నాం, లోపల ఉన్నవాని గురించి రాసుకోలేదు. ఆమె ఖబరస్తాన్ గేటు దగ్గర నిలబడి లోపలికి చూసింది. ఏ సమాధి వైపు చూడాలో మేము చెప్పలేకపోయాం. అందరి కోసం దుఆ చేసి వెళ్లిపోయింది.

ఆ అద్దాల పెట్టెల ముందు నిలబడి, బట్ట మీద సిరాతో రాసిన పూజారుల గురించి వింటున్నప్పుడు మాలో ఎవరూ మాట్లాడలేదు. అందరికీ ఆ తల్లే గుర్తొచ్చిందని రాత్రి హోటలులో తెలిసింది.

తిరిగి వచ్చాక మొదట చేసిన పని కొత్త రిజిస్టరు కొనడం. ఇకపై ప్రతి అనాథ దేహానికి ఎత్తు, సుమారు వయసు, గుర్తులు, బట్టలు, దొరికిన చోటు రాస్తున్నాం. పోలీసుల అనుమతితో ఫొటో భద్రపరుస్తున్నాం. సమాధి తల దగ్గర ఒక చిన్న రాయి, దానిపై అంకె. రిజిస్టరులోనూ అదే అంకె. గుమ్మటం లేదు, పాలరాయి లేదు. ఖర్చు రాయికీ, సిరాకూ అయ్యేదే. పాత సమాధులలో గుర్తించగలిగినవాటికి కూడా అంకెలు వేసే పని సాగుతోంది. ఖబరస్తాన్ ప్రహరీ దక్షిణం వైపు ఇంకా కట్టాల్సి ఉంది.

ఆ రిజిస్టరు మన కార్యాలయంలో బల్ల మీదే ఉంటుంది. ఏ దాతైనా ఏ రోజైనా వచ్చి తెరిచి చూడవచ్చు. ఆ తల్లి మళ్లీ వచ్చేటప్పటికి చెప్పడానికి మన దగ్గర ఒక జవాబు ఉండేలా అల్లాహ్ మనకు తోడ్పడుగాక. ఆమీన్.